గాయపాకు చుట్టం

హన్మకొండ కాలేజీల ఎండిన మొక్కల గది నాది.
నాది అంటే, తాళంచెవి నాది.
మిరుగు రాంగనే ఇనుప బీరువాలు తెరిచి
కరిగిపోయిన డాంబరు గోలీల జాగల కొత్తవి పెడత.
ఏ కాయితం ఏ పురుగు తిన్నదో
రిజిస్టర్ల ఎక్కిస్త.

చామంతి కులం బీరువా, నాలుగో అర,
పదకొండు వందల డెబ్బై నాలుగో షీటు.
జానెడు గూడ లేదు మొక్క.
పండ్లు విరిగిన దువ్వెన తీరు ఆకులు,
కొసన గొడుగు పట్టినట్టు ఒక్క గుంపు పూలు.
తెల్లగ ఉండెనట ఒకప్పుడు,
ఇప్పుడు చాయ్ ఒలికిన ధోతి రంగు.
ఊదాసిరా చీటీ మీద
ఆల్ప్స్ కొండలు, ఎనిమిది వేల అడుగుల పైన,
జారుడు రాళ్ళల్ల, ఆగస్టు నెల.

ఏడాదిల ఎక్కువ నెలలు మంచు కింద పండుకొని
ఉన్న నాలుగు ఎండపొద్దులల్లనే
చిగురు, పువ్వు, గింజ అన్నీ ముగించుకోవాలె.
అందుకేనేమో
పొడుగు పెరిగే పని పెట్టుకోలే.
"సున్నపురాయి పడదు దీనికి,
కరుకురాయే కావాలె" అని
సువర్చల మేడం ఒకసారి పిల్లలకు చెప్తుంటే ఇన్న.

ముట్టొద్దని రూలు.
షీటు మూలకు చిన్న కవరు ఉంటది,
రాలిన తునకలు దాచేటందుకు.
అండ్ల నువ్వుగింజంత ఆకు ముక్క.
వేళ్ళ నడుమ నలిపిన.
ముందుగాల కర్పూరం,
దానెనుక మాచిపత్రి,
అడుగున ఏదో చేదు,
జిందాతిలిస్మాత్ సీసా మూత తీసినట్టు.
తొంభై ఏండ్ల కింద ఆకులల్ల దాసుకున్న నూనె.
డాంబరు గోలీలు ఓడిపోయినయ్,
ఒక్క ఊపిరి సేపు.

వేర్ల సందున ఒక ఇసుక రేణువు
కిటికీ ఎండకు తళుక్కుమన్నది.
గోటి కింద ఇరికిచ్చుకొని ఇంటికి తెచ్చిన.
దొంగతనమే.

మా నాయిన పల్లపు కొమ్రెల్లి
మడికొండ అవతలి గుట్టల నలభై ఏండ్లు రాయి కొట్టిండు.
తూటాల మోతకు చెవులు పోయినయ్.
సుత్తి జారి బొటనవేలు చితికిన దినం
గట్టు మీది గాయపాకు నమిలి
నెత్తురు మీద ఉమ్మి, తువ్వాల పేలిక చుట్టి
బువ్వ తిని మళ్ళ సుత్తి పట్టిండు.
గాయపాకు గూడ చామంతి కులమే.
ఆ మంచుకొండల పసులకాపరులు గూడ
తెగిన వేలికి ఈ జాతి ఆకే నూరి పెడుతుండెనట.
ఒకరినొకరు ఎన్నడు చూసుకోని చుట్టాలు.

వేలు నాయిన ముక్కు కాడ పెట్టిన.
కండ్లు మూసుకున్నడు.
మొక్క పేరు అడుగలే.
"ఏ రాయి మీద మొలిసింది?" అన్నడు.
రేణువు అరచేతిల పెట్టిన.
కంటితోని కాదు,
పంటితోని చూసిండు.
కటుక్కుమన్నది.
"మన అసొంటి రాయే" అన్నడు తీసి తుడుస్తూ.
"సుత్తికి పగల్లే ఇది. సలికి పగిలింది."

మిరుగు దాటినా వాన లేదు.
రేకుల కింద ఇల్లు పెనం తీరు కాలుతున్నది.
"రాయి పగిలేంత సలి" అని
ఇంకోసారి అన్నడు, తనలో తనే,
విసనకర్ర ఆపి.

తెల్లారి రిజిస్టర్ల
'స్థితి' అన్న గడిల 'బాగున్నది' అని రాసిన.
రేణువు నాయిన అగ్గిపెట్టెల ఉన్నది.
అప్పుడప్పుడు చెవి కాడ పెట్టుకొని
ఊపి చూస్తడు.