నీడలో పెట్టమంది కాగితం

ఒంగోలు బస్టాండు ఎదురు సందులో
మూడొందల యాభైకి బేరమాడి తెచ్చాడు మౌలాలి,
మూలలు నలిగిన పెట్టెలో గడియారం.
కప్పు మీద టైము రాసిద్దంట.
బయట ఎండెంతో మంచంలోనే చెప్పిద్దంట.
"ఎండెంతో తెలీనోళ్ళెవురు ఈడ?" అన్నా.
రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు,
మా చీమకుర్తిలో రాయి పగలదు.
మనుషులే.

కాగితం మడతలు విప్పితే సగం మంచం నిండింది.
పద్నాలుగు భాషలు. మనది లేదు.
చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టి
ఎనిమిదో తరగతి కరీమూన్ కూడబలుక్కుంది:
ముందు బయటిదానికి బ్యాటరీలు,
తర్వాతే గడియారానికి.
మేం అప్పటికే తిరగేసి వేశాం.
రెండు అడ్డగీతలు మిణుకు మిణుకుమంటా కూచున్నాయి,
పలక మీద ఏం రాయాలో తోచని పిల్లల్లా.
తీశాం. వేశాం. మళ్ళీ తీశాం.
వెనక సన్న బెజ్జంలో పిన్నీసు గుచ్చితే
"దొరికిందే!" అని ఎగిరింది పిల్ల.
తొంభై ఎనిమిది.
చేతిలో చేట జారిపోయింది నాకు.
అది జొరం లెక్కంట, ఎండ లెక్క వేరంట.
ఇంకో మీట నొక్కితే ముప్పై ఏడుకి దిగింది.
ఒకే వేడికి రెండు పేర్లు.
క్వారీలో మేనేజరు మా ఆయన్ని మస్తాననే పిలుస్తాడు,
మిగతా పదిమందినీ కూడా.

రాత్రి లైటు తీస్తే
సిమెంటు రేకుల మీద ఎర్రగా టైము, తలకిందులుగా.
"మంచం తిప్పుదామా?" అన్నాడు.
తిప్పాం కూడా.
తిప్పి పడుకున్నాక కనపడింది పిల్లకి, అంకెల్ని తిప్పే మీట.
లేచి మంచం మళ్ళీ మొదటికి.
రేకు వంపుల్లో అంకెలు
కాలవలో పడ్డ సైకిల్లా వంకర్లు పోయాయి.
బల్లొకటి రెండు మీదుగా పాకి
సున్నా మధ్యలో ఆగింది, కదల్లేదు.
మూడింటికి మోగాలని పెట్టాం.
ఎండలకి షిఫ్టు నాలుక్కే.

ఇక బయటిది ఎక్కడ పెట్టాలి?
నీడలో పెట్టమంది కాగితం.
ఎండ తగలకూడదంట, వాన పడకూడదంట, గాలాడాలంట.
ఉత్తరం గోడకి, బాతురూం పక్కన తగిలిస్తే
మధ్యాన్నం నలభై మూడు.
టీవీలోనూ నలభై మూడే.
"చూశావా, కరెక్టు సరుకే," అని మురిసిపోయాడు.
ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

తెల్లారి దాన్ని మేకు నుంచి తీసి జేబులో వేసుకుని పోయాడు.
రెండు తాటిచెట్ల లోతు గోతిలో
నల్లరాయి నాలుగు పక్కలా తాగిన ఎండంతా
మొహాన కక్కుతుంటే
వైరు మిషను పక్కన, నీళ్ళ డ్రమ్ము మీద పెట్టాడంట.
దాని బుల్లి కంట్లో యాభై రెండు.
మేనేజరుకి చూపించాడు.
"ఎండలో పెడితే తప్పు చూపిచ్చిద్ది, నీడలో పెట్టు," అన్నాడంట.
"నీడ ఎక్కడుందో చెప్పండి సార్, పెడతా,"
అన్నానని నాకు చెప్పాడు.
అన్నాడో, దార్లో అనుకున్నాడో.

ఇప్పుడు రోజూ తీసుకునే పోతాడు.
ఎవరికి చూపిస్తాడో నేనడగను.
ముప్పై మీటర్లు దాటితే గడియారానికి వినపడదంట.
అతను సందు మలుపు దాటాడో లేదో
అంకె పోయి గీతలొస్తాయి.

పదకొండున్నరకి షిఫ్టు దిగుతారు.
పన్నెండుకి వెతికే మీట పట్టి నొక్కుతా.
గీతలు.
అన్నం వార్చి మళ్ళీ నొక్కుతా.
గీతలు.
గోంగూర తాలింపు కారం కళ్ళలో పడ్డా
చేయి కడుక్కోకుండానే ఇంకోసారి.
గీతలు, గీతలు, రెండే అడ్డగీతలు,
గిన్నెమీద మూతల్లా.

అప్పుడు పడిద్ది:
నలభై ఒకటి.
అది ఊరి ఎండ కాదు,
పిండికొట్టు మలుపు తిరిగిన చొక్కా జేబు.
కుండలో చెంబు ముంచుతా.

వస్తాడు. గడపలో దుమ్ము దులుపుకుని
చొక్కా విప్పి ఫ్యాను కింద మేకుకి తగిలిస్తాడు.
నలభై.
నలభై.
ముప్పై తొమ్మిది.
మనిషి తాగిన రెండు చెంబుల తర్వాత కూడా
ముప్పై తొమ్మిదే.
ఇది దిగటానికి ఎంతసేపు పట్టిద్దో
కరీమూన్ని అడిగితే
కాగితం అటూ ఇటూ తిప్పి
అది రాయలేదమ్మా అంది.