గుప్పెడు కవ్వం

గుణుపురం సంతలో, చేటల దొంతర మీదికి వంగి
కాఫీతోట ఆఫీసరు సంచిలోంచి తీశాడు.
వెదురు పూసిందా అని ఉలిక్కిపడ్డాను.
కాదు. జపానోళ్ళు టీ చిలికే కవ్వమట.
"ఇట్టాంటిది చెయ్యగలవా, తవిటయ్యా?"

మూడు పుల్లలు విరిగాయి.
మిగతావి లెక్కపెట్టాను: డెబ్బయ్యేడు.
అన్నీ ఒక్క కణుపులోంచే. జిగురు లేదు, మేకు లేదు.
ఎవడో, నాలాగే
బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకునేవాడు.

అటక మీద మూడేళ్ళు పొగ తాగిన బొంగు దింపి
కత్తి పెట్టాను.
పదహారు చీలికల దాకా నా చెయ్యి.
ఆ పైన మా అయ్య చెయ్యి అరువు తెచ్చుకున్నాను.
అరవై దాటాక
జల్లెడ అల్లుతున్న పైడితల్లి తలెత్తకుండానే
"ఊపిరి బిగబట్టకు, పుల్లకి తెలిసిపోద్ది" అంది.
తెలిసిపోయింది.
పుటుక్కుమంది.

నాలుగోది నిలబడింది.
కాస్త వంకర, ఒక పక్క ఎక్కువ విచ్చుకుంది.
పై సంతకి వస్తానన్న ఆఫీసరు
మూడు సంతలు దాటినా రాలేదు.

ఇవాళ పొద్దున పైడితల్లి
దాన్ని చోడి అంబలిలో ముంచి గిరగిరా తిప్పింది.
ఒక్క ఉండ లేదు.
మనవరాలి పైపెదవి మీద నురగ మీసం.

కడిగి ఎండలో పెడుతూ మళ్ళీ లెక్కపెట్టాను.
ఎనభై ఒకటి.
ఆ ఒక్కటీ ఎక్కడ చీల్చానో
నాకే తెలీదు.