అరవై ఎనిమిది నిమిషాలు

షువైఖ్ ఆసుపత్రి నేలమాళిగలో
పొద్దున్నే ఏడింటికి గాలియం పిండుతాను.
ఆవు కాదు, సీసపు డబ్బా.
పితికింది పితికినట్టే తరిగిపోతుంది,
అరవై ఎనిమిది నిమిషాలకు సగం,
మరో అరవై ఎనిమిదికి ఆ సగంలో సగం.
అందుకే ఇక్కడికి ఎవరూ ఆలస్యంగా రాకూడదు.

బోనగిరి నాంపెల్లి గంట ముందే వచ్చాడు.
పరంజాలు కట్టే పని. మహబూలాలో క్యాంపు.
చేతిలో పాలిథిన్ కవరు, అందులో మూడేళ్ళ చీటీలు:
ఎండదెబ్బ అని ఒకటి,
మసాలాలు మానెయ్యమని ఒకటి,
బెంగ, ఇంటి మీద బెంగ అని ఒక కుర్ర డాక్టరు.
సీటీ తీసినవాళ్ళు ఏమీ లేదని రాశారు.
ఏమీ లేనివాడు రోజుకు పన్నెండుసార్లు
ఎనభైమందికి ఉన్న ఆరు దొడ్ల ముందు నిలబడ్డాడు.

"మొకం గుప్పున మండుతది మేడం,
చెవులదాకా ఎర్రగైతది.
పది నిమిషాలు. మల్ల ఏం లేనట్టే.
ఫోర్‌మన్ రెండుసార్లు నా నోరు వాసన చూసిండు.
తాగినవంటడు. ఈ దేశంల తాగితే ఏమైతదో ఎరుకే గద.
మా నాయిన తాగే సచ్చిండు. నేను ముట్టలే."

మొదట అనుమానించింది డాక్టర్ బుతైనా.
ఎరుపెక్కినప్పుడు చెమట పడుతుందా అని
ఒక్క మాట అడిగిందట. పట్టదన్నాడు.
నలభై ఎనిమిది డిగ్రీల్లో చెమట పట్టని ఎరుపు!
ఆమె కలం ఆగింది.
ఒక రోజంతా మూత్రం క్యానులో పట్టి తెమ్మంది,
దానికి మూడు రోజుల ముందు నుంచీ
టమాటా వద్దు, అరటిపండు వద్దంది.
క్యాంపులో కూరంటే టమాటానే.
ఖుబూస్, పెరుగు. మూడు రోజులు.
క్యాను ఫ్రిజ్‌లో పెడితే గదిలో గొడవ,
చివరికి ఒక నేపాలీ తన కూల్‌బాక్స్ ఇచ్చాడట.

సూది వేశాను.
లోపలికెళ్ళిన మందు ఇంటింటి తలుపూ తట్టి
తన కొక్కేనికి తగిన గొళ్ళెం దొరికినచోట ఆగిపోతుంది.
ప్లీహంలో, మూత్రపిండాల్లో నలుపు ఎటూ ఉంటుంది.
మిగతా చోట ఉంటేనే మాట.

"ఇవాళంతా చంటిపిల్లలకీ గర్భిణులకీ దూరంగా ఉండు"
అన్నాను, రోజూ అప్పజెప్పే పాఠం.
నవ్వాడు. "మూడేండ్ల సంది గదే చేస్తున్న."

సీసపు అద్దం వెనక నేను.
తెర మీద అతను పొగలా, బూడిదరంగులో.
చిన్నపేగు చివర, సజ్జగింజంత,
దిష్టిచుక్క.
బిడ్డ బుగ్గన ఉండాల్సింది
లోపల ఎవరు పెట్టారో ఏ కన్నూ తగలకుండా,
మూడేళ్ళు నిజంగానే ఏ కన్నూ తగల్లేదు.
కాలేయంలో ఇంకొన్ని.
లెక్కపెట్టడం నా పని కాదు.
లెక్కపెట్టాను. నాలుగు.

"కనబడ్డదా?" బల్ల దిగుతూనే.
డాక్టరు చెబుతారన్నాను.
నా మొహం చదివాడు, నేను ఫిల్ము చదివినట్టే.
"అయితే ఉన్నది."
భయపడతాడనుకున్నాను,
సిమెంటు బస్తా దించినట్టు భుజాలు దించాడు.
"ఒక కాపీ ఇయ్యి మేడం.
ఫోర్‌మన్‌కు చూపెడత. తాగుడు గాదని."

ఆపరేషనో, నెలకో సూదో,
కంపెనీ ఉంచుకుంటుందో టికెట్ కొట్టి పంపేస్తుందో,
ఆ కాగితాలు ఇంకా పుట్టలేదు.
అర్జీ రాయించుకుని సీడీ చేతికిచ్చాను.

పదకొండున్నరకు టీకని బయటికొస్తే
గేటు దగ్గర వ్యాను, ఇంజను ఆపలేదు.
నాంపెల్లి సీడీని పైకెత్తి పట్టుకుని ఉన్నాడు,
అలా చూస్తే కనబడుతుందన్నట్టు.
ఎండ దాని మీద పడి విరిగి
కిటికీలో ఫోర్‌మన్ మొహాన వాలింది.
ఆ మొహం ఎర్రగా ఉంది.
ఎండకేనేమో.
మొదట అందరం అనే మాటే.