మూడోది కొడ్తలేదు

జీడిమెట్లల మా లేత్ షెడ్డు ఎనక
నాలుగు ఇటుకల స్టాండ్ల మీద
ఒక పాత జీపు ఛాసిస్
పొదుగు మీదున్న కోడి లెక్క
రెండేండ్లు కదలకుంట కూసున్నది.

కొన్నది ముషీరాబాద్ల, తూకానికి.
కిలో ముప్పై ఆరు. బేరమాడితే ముప్పై నాలుగు.
"ఏం చేస్తవే దీన్ని?" అన్నడు కాంటా పట్టినోడు.
"కారు చేస్త" అన్న.
నవ్వుతడనుకున్న, నవ్వలే.
రెండు కిలోలు తక్కువ రాసిండు.

డెంటర్ ఖుర్షీద్ చాచా
మల్లేపల్లి గల్లీల నలభై ఏండ్లు బానెట్లు కొట్టిండు.
ఆ సుత్తె సప్పుడే ఆయన చెవులను తిన్నది
మెల్లమెల్లగ, ఎలుక బియ్యం సంచిని తిన్నట్టు.
ఆయనకు తెలుగు చదువరాదు,
నాకు ఉర్దూ రాయరాదు,
అంకెలు మాత్రం ఇద్దరికీ వస్తయి.
మా ముచ్చట్లన్నీ రేకు మీద సుద్దతోనే.

ఛాసిస్ పొట్టిగ చేసేనాడు
నేను తొమ్మిది అంగులాలు అని రాసిన.
ఆయన తుడిచి పదకొండు రాసిండు.
పది కాడ కోసినం.

ఇంజను, పెండ్లిండ్లకు తిరిగి తిరిగి అలిసిన అంబాసిడర్‌ది.
రేకు, నూనె డ్రమ్ములు చీల్చి తీసింది,
ఎండ ఎక్కితే ఇప్పటికీ పల్లినూనె వాసన కొడ్తది.
పైకప్పు లేదు. మడ్‌గార్డులు లేవు.
కుర్చీలు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ల కూలగొట్టిన టాకీసువి,
జి పద్నాలుగు, జి పదిహేను.
ఇత్తడి బిళ్లలు పీకుదామంటె చాచా ఒప్పుకోలే.
నంబర్ ప్లేటు ఎట్లాగు రాదు గద,
ఇవన్న ఉండనీ అన్నట్టు
రుమాలుతోని తుడిచిండు.

మొదటిసారి తీసిన నాడు
షాపూర్‌నగర్ మలుపు కాడ కుతకుత ఉడికింది.
రేడియేటర్ మార్చినం, టాటా ఏస్‌ది పెట్టినం.
అప్పుడు స్టీరింగ్ ఎడమకు గుంజుడు.
అది దిద్దితే బ్రేకులు కుడికి గుంజుడు.
ఒకరికి తగ్గంగనే ఇంకొకరికి ఎక్కే
పిల్లల జరం లెక్క.

"ఈ పైసలకు ఆటో వచ్చు,
దినాం కిరాయన్న తెచ్చు" అన్నది అనసూయ.
నిజమే.
ఇరవై ఆరేండ్ల సంది లేత్ మీద
మందుల ఫ్యాక్టరీలకు వాల్వులు తిప్పుతున్న,
ఎంట్రుకల పదో వంతు కొలతల.
అవి ఏ మిషన్ల పోతయో ఎన్నడు సూడలే.
నేను చేసింది ఒక్కటన్న
నా కండ్ల ముంగట తిరగాలె అనిపించింది.
ఈ మాట ఆమెకు చెప్పలే.
"అమ్మితే మస్తు వస్తయి" అని అబద్ధమాడిన.

మొన్న చలికాలం
సైలెన్సర్ తీసేసి పక్కలకు నాలుగు గొట్టాలు పెట్టిన.
స్టార్ట్ చేస్తే పక్క షెడ్డు కుక్క
గేటు దుంకి ఉరికింది.
నేను పీకల దాక నవ్వుతున్న.
నన్ను సూసి చాచా కూడ నవ్విండు.
తర్వాత బానెట్ మీద అరచెయ్యి ఆనిచ్చి
కండ్లు మూసిండు
జరం సూసే తల్లి లెక్క.
సుద్ద తీసి నేల మీద రాసిండు:
ఒకటి, రెండు, నాలుగు.

నాకు నాలుగూ కొడ్తున్నట్టే వినపడ్డది.
చెవి పెట్టి ఇన్న, అట్లనే.
ప్లగ్గులు ఇప్పితే
మూడోది నల్లగ, తడిగ,
అంత సప్పుడుల సప్పుడు చేయకుంట కూసున్నది.

ఇప్పుడు ఆదివారాలు తెల్లారగట్ల
ఫ్యాక్టరీల సైరన్ లేని టైముల
మా లైన్ల రెండు చక్కర్లు కొడ్తం.
నేను పద్నాలుగు, ఆయన పదిహేను.
వాన పడితే ఇద్దరం తడుస్తం.
ఆయన చెయ్యి డ్యాష్‌బోర్డు మీదనే ఉంటది.

నిన్న రాత్రి ఒక్కన్నే షెడ్డుకు పోయి
ఇంజను నడిపి
చెవులల్ల దూది కుక్కుకొని
బానెట్ మీద చెయ్యి పెట్టిన.
గడగడ ఒక్కటే తెలిసింది,
ఏది ఏదో తెలువలే.
ఇంకా సూస్తున్న.
వెనక బ్రేకు ఎడమది
రెండు మిల్లీమీటర్లు తక్కువ అని
గోడ మీద ఆయన రాసిపోయిండు,
రేపు దాని పని ఉన్నది.