బొంద వడ్డది

కాజీపేట బ్రిడ్జి కింద, యాకూబ్ సైకిల్ షాపు గోడకు
ఒక నల్లబోర్డు ఉంది.
మూతపడ్డ బడి నుంచి తెచ్చింది, ఒక మూల విరిగింది.
తెల్లారి ఐదింటికి తొక్కేవాళ్లం పన్నెండు మందిమి
ఎదురుపడి అనలేనివి దాని మీద అనుకుంటాం.
గాలి ఎంత కొట్టాలి,
లారీలకు ఎదురు పోవాలా, వారగా పోవాలా,
గేరు బండి మీద మడికొండ ఎక్కితే అది ఎక్కడమేనా.
పొద్దున ఒకరు రాసిపోతే
మాపటికి ఇంకొకరి జవాబు.

నేను జవాబులు రాయను. దిద్దుతాను.
చౌరస్తా ప్రెస్సులో ముప్ఫై ఒక్క ఏళ్లు
పెళ్లి పత్రికల ప్రూఫులు చూసిన వేళ్లు ఇవి.
ఎక్కడైనా ఒత్తు జారితే నాకు నిద్రపట్టదు.

ఐలుమల్లు రాశాడు:
'గేర్ల సైకిల్లు సోకుకే. ఇరువై ఏండ్ల సంది
పాత బండి మీదనే నూకల బస్తా మోస్తున్న.'
నాది గేరు బండి. ఏమనాలో తోచలేదు.
'సైకిల్లు కాదు, సైకిళ్లు' అని రాసి
కింద రెండు గీతలు కొట్టాను.
వారం రోజులు అతను చాక్‌పీసు ముట్టలేదు కాబట్టి
గెలిచాననే అనుకున్నాను.

బస్తా ఎంత బరువని అడగలేదు.

వానలు పట్టిన వారం, తౌటం స్వరూప రాసింది,
రైల్వే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
ఇంటికి తొక్కుకుంటూ పోయే మనిషి.
తొందర రాత, తడిచెయ్యి:
'సోమిడి మలుపుల బొంద వడ్డది.
నీళ్లు నిండి కనవడ్తలేదు.
ఎడ్మ దిక్కు వోకుండ్రి.'

నా చెయ్యి జేబులోకి పోయింది.
'మలుపుల'కు ఒక 'లో' తగిలించాను.
బొందను చెరిపి గొయ్యి అన్నాను.
వడ్డది, ఛీ, పడింది.
'ఎడ్మ దిక్కు'ను మణికట్టుతో తుడిచి
ఎడమ వైపా, ఎడమ పక్కా, ఎడమ చేతి వైపా
అని ఆలోచిస్తుండగా
చాక్‌పీసు గోరంతై, జారి, మోరీలో పడింది.
రేపు పూర్తి చేద్దాంలే.
రెండడుగులు వెనక్కి జరిగి చూసుకున్నాను,
నడుమ పంటి సందంత ఖాళీ తప్ప
ఎంత శుభ్రమైన వాక్యం!

మర్నాడు అందరికన్నా ముందు నేనే.
సోమిడి మలుపు. సన్న తుంపర.
వాక్యం మొత్తం నోటికి వచ్చు నాకు.
ఏ దిక్కో తప్ప.
చదివింది నేనే, తుడిచింది నేనే,
కానీ కంటికి తప్పులే ఆనాయి.

నడుం దాకా ఎర్రనీళ్లు,
ముందు చక్రం ఎనిమిదంకె అయింది.
వెల్లకిలా పడున్నవాడికి
తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది:
గసడదవాదేశం.
ప్రథమా విభక్తి తర్వాత పకారం వకారమవుతుంది.
బొంద, పడ్డది.
బొంద వడ్డది.
స్వరూప సూత్రం తప్పలేదు.

'వాన వడ్తంది, బట్టలు దియ్యి' అనేది మా అమ్మ.
అదీ అదే సూత్రం.
పదో తరగతి పాసైన ఏడాది
చుట్టాల ముందట ఆమెను దిద్దిన.
ఆ తర్వాత చుట్టాలొస్తే ఆమె
వంటింట్లోంచి మాట్లాడలేదు.

లేపింది ఐలుమల్లే.
బస్తా దించి, రాయికి ఆనించి,
నా రెక్క వట్టి గుంజిండు. నవ్వలేదు.
అడిగిండు, అంతే:
'సారూ, గొయ్యిల వడ్డరా, బొందల వడ్డరా?'

మోచేతికి కట్టుతోని మాపటికి పోయి
ఒక డబ్బా చాక్‌పీసులు యాకూబ్ బల్ల మీద పెట్టిన.
కుడి చెయ్యి లేస్తలేదు, ఎడమతోని రాసిన:
'బొంద ఇంక అట్లనే ఉన్నది.
ఎడ్మ దిక్కు వోకుండ్రి.'

డ్యూటీకి పోతూ స్వరూప ఆగినట్టుంది.
తెల్లారి చూస్తే నా 'ఇంక'కు
ఎర్ర చాక్‌పీసుతో ఒక దీర్ఘం.
నిజమే, అక్కడ దీర్ఘం ఉండాలె.

యాకూబ్ నా చక్రాన్ని చెవి దగ్గర తిప్పి
ఒక్కో పుల్లనూ మీటి వింటున్నడు.
ఎప్పుడైతదని అడిగిన.
తల ఎత్తకుండనే అన్నడు,
'వాన వడకుంటే రేపు.'