చిన్న సుత్తె

ఎర్రగుంట్ల నుంచి కడపకు మొదటి బస్సు.
ఒళ్లో స్కానింగు కవరు, కాళ్లకాడ మజ్జిగ సీసా.
పేగులో గడ్డ కాలేయానికి పాకిందని
నా ముందర అనొద్దని మనవడు సైగ చేసినాడు.
డాక్టరమ్మ మాత్రం నాకే చెప్పింది.

ముందు కుర్చీలోంచి లేచి
గోడదాకా నడిచి రమ్మనింది.
కింద పరిచింది మా నాపరాయే.
ఒక బండ ఎగుడుదిగుడు,
ఎవడో తొందరపడినాడు.

పొద్దున మాపు మాత్రలంట,
మూడు వారాలకొక సన్న సీసా.
పక్క మంచం పిల్లోనికి మూడు సీసాలు వేలాడతాండాయి.
"ముసలోనికి కొసరు మందా తల్లీ?"
అడిగేసినా. నోరు ఊరుకోదు గదా.

ఆయమ్మ కోప్పడలేదు. నా చెయ్యి తీసుకొని
వేళ్లు ఒకటొకటే నొక్కి చూసింది.
"ఆ ఇంకో మందు వీటిని మొద్దుబారుస్తుంది, పెద్దాయనా.
గుండీ పెట్టుకోలేవు, ముద్ద కలుపుకోలేవు.
దాని జోలికి ఇప్పుడే పోను."

నయమవుతాదా అంటే లేదనింది.
కొన్నాళ్లు ఆగుతాదనింది.
ఎన్నాళ్లని నేనడగలేదు.

నలభై ఏండ్లు రాయి చీల్చినోన్ని.
పొర పలచనైతే సమ్మెట పక్కన పెట్టి
చిన్న సుత్తెతో అంచెంబడి తడతాం, చెవి ఒగ్గి.
దాన్ని పిరికితనమని ఎవురూ అనలేదు.

ఇది మూడో నెల.
అరికాళ్లు మండితే అక్కులమ్మ వెన్న పూస్తాంది.
ఒక వారం మాత్రలు ఆపమన్యారు, ఆపినా.

ఈ పొద్దు సంగటి ముద్దలో
బొటనేలితో గుంట చేసి
ఊరిబిండి పెట్టుకున్యా.
వేలికి
కాలింది.