తరుగు

తోకచుక్క పురస్కారానికి ఈసారి
నూట పద్దెనిమిది కథలొచ్చాయి.
హన్మకొండ చౌరస్తాలో జిరాక్సు దుకాణం పైగది,
ముగ్గురు న్యాయనిర్ణేతలం, ఒక్క ఫ్యాను.
కథ చిన్నదై ఉండాలి,
లేని లోకం ఒకటి అందులో పట్టాలి.
మూడు వేల మాటలు హద్దు.
దాటింది ఎంత గొప్పదైనా పక్క సంచిలోకి.

పదకొండు కాలయంత్రాలు
నేరుగా కాకతీయుల కోటలోనే దిగాయి,
ఒక్కటీ వాన కురిసే రోజున దిగలేదు.
మరమనుషులు ఆరుసార్లు ఏడుపు నేర్చుకున్నారు.
భూమి నాలుగుసార్లు అంతమైంది,
ఒకసారి మాత్రం కాజీపేట మూడో ప్లాట్‌ఫారం మీంచి మొదలై.
ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పినదాన్ని,
కాంతి వేగం తప్పితే ఎర్ర సిరా తీస్తాను.

డెబ్భై మూడో కథ విప్పగానే తుమ్మొచ్చింది.

తక్‌పట్టీల వెనక రాసిన కథ.
ముందువైపు మిర్చి, తేజ రకం, బస్తాలు పద్నాలుగు,
వెనకవైపు ఆకాశం.
మడతల్లో ఎర్రటి పొడి.
రాసింది మాదాసి కొంరెల్లి,
దడ్వాయి, ఎనుమాముల మార్కెట్.

ఆయన కథలో
మాఘమాసం, తెల్లారుజాము, యార్డు గేటు ముందు
లారీల వరుసలో ఇంకేదో నిలబడి ఉంటుంది.
దానికి చక్రాలుండవు.
దిగినవాళ్లకు నీడలుండవు.
బస్తాల నిండా వెలుగు తెచ్చారు అమ్ముకుందామని,
వాళ్ల సూర్యుడు ఆరిపోతున్నాడట,
ఇది ఆఖరి పంట.
ఖరీదుదారు గుప్పెడు తీసి చూసి
తేమ ఉన్నదంటాడు.
క్వింటాలుకు రెండు కిలోల తరుగు.
ఆ కోసిన వెలుగు ఎటు పోయిందో కథ చెప్పదు.
చాట కూలీ ఒకామె రాత్రి ఇంటికి పోతుంటే
కొంగు ముడి మిణుకుమంటుంది,
అంతే.

ఎర్ర సిరా తీయలేదు నేను.
మాటలు లెక్కపెట్టాను: మూడు వేల నలభై ఒకటి.
వేలు తడి చేసుకుని మళ్లీ లెక్కపెట్టాను.
నాలుక మండింది.
మూడు వేల నలభై ఒకటి.

తెలుగు ఉన్నదే ఇందుకు కదా అనుకున్నాను.
'ఏమి అయింది' కాస్తా 'ఏమైంది',
'అక్కడ ఎక్కడో' కాస్తా 'అక్కడెక్కడో'.
అచ్చులో అచ్చును కరిగిస్తూ
అర్ధరాత్రికి నలభై ఒక్క సందులు మూసేశాను.
ఒక్క మాటా పోలేదు,
మధ్యన గాలి పోయిందంతే.

మర్నాడు ఫోన్ చేసి చెప్పాను, కాస్త గర్వంగానే.
అటు హమాలీల కేకలు, ఎవరిదో దగ్గు.
'ఇరవై ఆరేండ్ల సంది తూకమేస్తున్న మేడం.
మీరు మంచికే చేసిండ్రు గని
మంచికైనా చెడుకైనా కాంటా మీద వేలు వేలే.
ఎక్కువుంటె ఎక్కువున్నదని రాయుండ్రి.'
కొంచెం ఆగాడు.
'గా సందులు ఊకె పెట్టలె.
బస్తా ఎక్కినంక అంకె ఆడుతుంటది,
నిలబడేదాంక ఊపిరి బిగవట్టి ఆగుతం సూడు,
గంత జాగ.'

ఏడుపు నేర్చిన మరమనిషికే బహుమానం వచ్చింది.
మంచి కథే, రెండు వేల తొమ్మిది వందల మాటలు.
పెంబర్తి ఇత్తడి తోకచుక్క, శాలువా, మూడు వేల నూటపదహార్లు.
చప్పట్లు నేనూ కొట్టాను.
నివేదికలో చివర ఒక వాక్యం కలిపాను:
డెబ్భై మూడో కథ నలభై ఒక్క మాటలు ఎక్కువ,
తరుగు తీయలేదు.

వచ్చే ఏడు హద్దు మూడు వేల నలభై ఒకటి చేద్దామా
అన్నాడు జిరాక్సు దుకాణం యాకూబ్.
అప్పుడాయన నలభై రెండు రాస్తాడన్నాను.

తక్‌పట్టీలు తిరిగివ్వాలి.
రేపు పోతాను యార్డుకు,
తెల్లారకముందే,
లారీలు ఇంకా వరుసలో ఉండగానే.